ముద్ద తినని పూట మాత్ర మానవచ్చునా?



ఈ నెల ఒక తప్పు ఒప్పుకొనుటతో మొదలుపెడుతున్నాము. తప్పు మాదే.

శ్రమకాలములో ఒక శుక్రవారము మా సంఘములో ఉపవాస ప్రార్థన జరుగుతున్నది. పాట పాడుటకు అందరము లేచి నిలుచున్నాము. స్త్రీల వైపు రెండవ వరుసలో ఒక తల్లి లేచినట్లే లేచి, పక్కావిడ భుజము మీదికి ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి. మంచినీళ్ళు ఇస్తే కక్కుకున్నది. అప్పటికప్పుడు ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకొనిపోయాము.

డాక్టరుగారు మొదట షుగరు చూశారు. పడిపోలేదు. బి.పి. చూశారు. తరువాత, "అమ్మా, రోజూ వేసుకొనే మందులలో ఏదైనా మానేశారా?" అని అడిగారు. ఆ తల్లి మా వైపు చూసి మెల్లగా అన్నది: "సోమవారం నుంచి ఉపవాసమండి. ముద్ద ముట్టనప్పుడు మాత్రెలా ఏసుకుంటానండి?"

ఆమెకు చాలా ఏండ్లుగా షుగరు జబ్బు. రెండేండ్ల నుండి అరికాళ్ళ మంటలకు ఉదయము ఒకటి, రాత్రి ఒకటి నరముల క్యాప్సూల్ వేసుకొంటున్నది. నాలుగు దినములు షుగరు మాత్రలతో పాటు దానినీ కట్టిపెట్టింది. నాలుగు రాత్రులు నిద్ర లేదు. అరికాళ్ళ మంట రెట్టింపై తిరిగి వచ్చింది. "ఈ నరముల మందు ఒక్కసారిగా ఆపితే ఇట్లే అవుతుంది. మీరు తెచ్చారు గనుక సరిపోయింది, కొందరికి ఫిట్సు కూడా వస్తాయి" అన్నారు డాక్టరుగారు.

మా తప్పు ఏమిటంటారా? అంతకు రెండు రోజుల ముందు, బుధవారము కూడికలో, ఆ తల్లినే చూపించి, "మందులు కూడా ముట్టకుండా ప్రార్థనలో గడుపుచున్న ఈ సహోదరిని చూచి నేర్చుకొనండి" అని ప్రసంగ వేదిక మీద నుండి మెచ్చుకొన్నాము. అందరూ "ఆమేన్" అన్నారు. ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న ఆ రాత్రి ఆ "ఆమేన్" మా చెవులలో మారుమ్రోగుతూనే యున్నది.

తరువాత మేము ఆ డాక్టరుగారి దగ్గరకు రెండు మూడు సార్లు వెళ్ళి, విశ్వాసులకు ఏమి చెప్పవలెనో అడిగి తెలుసుకొన్నాము. మేము వైద్యులము కాము. అయినను, కాపరి తెలియక చెప్పిన మాట గొఱ్ఱెకు హాని చేసినప్పుడు, తెలిసికొని చెప్పవలసిన బాధ్యత కాపరిదే. ఆ తెలిసికొన్నదే మీ ముందు ఉంచుతున్నాము.

ఈ మంట ఎక్కడిది?

1992లో జాతికి అంకితమైన మన ఉక్కు కర్మాగారములో యౌవనములో చేరినవారు ఇప్పుడు రిటైరై ఇంట ఉన్నారు. పోర్టులో బస్తాలు మోసినవారు, హార్బరులో చేపల తట్టలు నెత్తిన పెట్టుకొని తిరిగిన అమ్మలు, పెద్దవారైపోయారు. మేము గృహ సందర్శనకు వెళ్ళినప్పుడు ప్రార్థనాంశము అడిగితే, ముందు పిల్లల ఉద్యోగము, తరువాత "అయ్యగారూ, రాత్రయితే కాళ్ళు నిప్పుల మీద పెట్టినట్లుంటున్నాయి" అన్న మాట. కొందరికి సూదులు గుచ్చినట్లు, కొందరికి చీమలు ప్రాకినట్లు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు.

ఇది కండరముల నొప్పి కాదు. ఏండ్ల తరబడి షుగరు ఎక్కువగా ఉండుటచేత కాళ్ళ చివరి నరములు దెబ్బతిని, దెబ్బ లేకపోయినా మెదడుకు "మంట, మంట" అని తప్పుడు కబురు పంపుతుంటాయి. అందుకే మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పని చేయవు. ఆ తప్పుడు కబురును తగ్గించే మందులు వేరే ఉన్నాయి. మన వైపు డాక్టర్లు ఎక్కువగా వ్రాసేవి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్. మీ చీటీ మీద కంపెనీ పేరు వేరుగా ఉండవచ్చును. అట్ట మీద సన్న అక్షరములలో ఈ పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. చదువుకొన్న మీ మనుమనిచేత చదివించుకొనండి.

ఒక సహోదరుని కుమారుడు మందు కాగితము చదివి, "నాన్నా, ఇది ఫిట్సుకిచ్చే మందు" అన్నాడట. ఆయన భయపడి పారవేశారు. గాబాపెంటిన్ మొదట ఫిట్సు కొరకే వచ్చిన మాట నిజమే. అమిట్రిప్టిలిన్ దిగులు జబ్బుకు వచ్చినది. ఆ మందులే అదుపు తప్పిన నరములను శాంతింపజేస్తాయని తరువాత తెలిసింది. ఆ మాత్ర మీకు ఇచ్చారంటే మీకు మూర్ఛ గాని పిచ్చి గాని ఉన్నదని కాదు.

ముద్దకు, మాత్రకు ఉన్న లంకె

"పరగడుపున మందు వేసుకోకూడదు" అని మన పెద్దలు చెప్పేవారు. కీళ్ళ నొప్పులకు ఇచ్చే మాత్రల విషయములో ఆ మాట ఎంతో మంచిది, అవి ఖాళీ కడుపును పుండు చేయగలవు. కాని ఆ ఒక్క మాటనే అన్ని మందులకు అంటగట్టి, "అన్నము లేదు గనుక మందు లేదు" అని మనము తిరగవేసుకొన్నాము. చిక్కు అక్కడే వచ్చినది. ఒక్కొక్క మందును విడిగా చూడండి.

గాబాపెంటిన్: తిన్న తరువాతనైనా, తినకముందైనా వేసుకోవచ్చును. అన్నముతో వేసుకొంటే శరీరము కొంచెము ఎక్కువగా తీసుకొంటుంది గాని, ఆ తేడా లెక్కించదగినంత కాదు.

ప్రీగాబాలిన్: అన్నము తిని వేసుకొంటే మందు రక్తములోనికి నిదానముగా ఎక్కుతుంది. ఖాళీ కడుపుతో గంటన్నరలో శిఖరానికి చేరేది, భోజనముతో సుమారు మూడు గంటలు తీసుకొంటుంది. ఆ శిఖరము కూడా పాతిక ముప్పై శాతము తగ్గుతుంది. కాని మొత్తము మీద లోపలికి చేరే మందు ఇంచుమించు అంతే. కనుక తల తిరిగేవారికి భోజనము తరువాత వేసుకోవడము హాయిగా ఉండవచ్చును. తినలేని పూట కూడా మానవలసిన పని లేదు. అయితే రోజుకు ఒక్కసారే వేసుకొనే, నిదానముగా కరిగే రకము ఒకటి ఉన్నది. దానిని రాత్రి భోజనము తరువాతనే వేసుకోవలెను.

డులోక్సెటిన్: ఇది కొందరికి కడుపులో త్రిప్పుతుంది, ముఖ్యముగా మొదటి వారములలో. అన్నముతో వేసుకొంటే ఆ వికారము తగ్గుతుంది. ఈ క్యాప్సూల్‌ను నమలకూడదు, పొడి చేసి పెరుగన్నములో కలుపకూడదు. లోపలి గింజలకు ఉన్న పూత కడుపులోని ఆమ్లము నుండి మందును కాపాడుతుంది.

అమిట్రిప్టిలిన్: నిద్ర మత్తునిస్తుంది గనుక సాధారణముగా రాత్రికి వ్రాస్తారు. నోరు ఎండుతుంది, మలబద్ధకము వస్తుంది. నీళ్ళు, ఆకుకూరలు, పీచు ఉన్న కాయగూరలు తోడుంటే ఆ బాధ తగ్గుతుంది. మూత్రము కష్టముగా వచ్చే పెద్దవారు, కంటిలో నీటి ఒత్తిడి జబ్బు ఉన్నవారు డాక్టరుకు ముందే చెప్పవలెను.

ముఖములో మెరుపు కొట్టినట్లు వచ్చే నొప్పికి ఇచ్చే కార్బమాజెపైన్ వేరు. దానిని భోజనముతోనే వేసుకోవలెను. మన పంపరపనసకు చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ రసము దానికి పనికిరాదు, మందును రక్తములో ఎక్కువ చేస్తుంది.

మరి షుగరు మాత్రలు, ఇన్సులిన్ సంగతి? అవి నిజముగా ముద్దతో ముడిపడినవి. తినకుండా వాటిని వేసుకొంటే కొన్నిటివలన షుగరు ప్రమాదముగా పడిపోవును. అట్లని మన ఇష్టము వచ్చినట్లు మానితే షుగరు పెరిగిపోవును. ఉపవాసము ఉండదలచినవారు ఈ ఒక్కటి డాక్టరును ముందుగా అడిగి తీరవలెను. ఆ తల్లి చేసిన పొరపాటు ఇదే. షుగరు మాత్రకు ఉన్న నియమమును నరముల మాత్రకు కూడా పెట్టుకొన్నది.

గ్యాసు మందు అడ్డుపడుతుంది

మన ఇండ్లలో కారము ఎక్కువ, ఆవకాయ ఎక్కువ. భోజనము కాగానే గ్యాసుకు గులాబీ రంగు సిరప్పు రెండు మూతలు త్రాగి, ఆ వెంటనే నరముల మాత్ర వేసుకొంటారు. అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన అట్టి మందులు గాబాపెంటిన్‌ను అయిదవ వంతు వరకు లోపలికి పోనివ్వవు. అందుచేత గ్యాసు మందు త్రాగిన తరువాత కనీసము రెండు గంటలు ఆగి గాబాపెంటిన్ వేసుకొనండి. "మందు పని చేయడము లేదయ్యగారూ" అనేవారిలో కొందరి సమస్య ఇంతే కావచ్చును.

రెండు మాత్రలు ఒక్కసారి వద్దు

పొద్దున మరచిపోయాము, రాత్రికి రెండు వేసుకొందాము అనుకొంటారు. గాబాపెంటిన్‌ను ప్రేగు గోడ కొంచెము కొంచెముగానే లోపలికి తీసుకొంటుంది. పడవలో పట్టినంత మందే ఎక్కుతారు, మిగిలినవారు గట్టు మీదనే నిలుచుంటారు. రోజుకు 900 మిల్లీగ్రాములు మూడు భాగములుగా వేసుకొంటే 60 శాతము లోపలికి పోతుంది. రోజుకు 2400 అయితే 34 శాతమే. డాక్టర్లు మూడు పూటలకు పంచి ఇవ్వడములో ఉన్న తెలివి ఇది. రెండు ఒక్కసారి వేసుకొంటే నొప్పి సగమవదు గాని తల తిరగడము, తూలడము ఎక్కువవుతాయి. మరచిన మాత్ర గుర్తు వచ్చినప్పుడు వేసుకొనండి. తరువాతి మాత్ర వేళ దగ్గరపడితే పోయినది పోయినదే, దానిని విడిచిపెట్టండి.

ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ ఆపవలసి వస్తే కనీసము వారము రోజులలో మెల్లమెల్లగా తగ్గించి ఆపవలెను. ఎంత తగ్గించవలెనో డాక్టరే చెప్పవలెను. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనేవారు, డబ్బు లేనప్పుడు వారము మాని మరల మొదలుపెట్టేవారు ఈ మాట గుర్తుంచుకొనండి. చేతిలో నాలుగు మాత్రలు మిగిలియుండగానే చీటీ పట్టుకొని బయలుదేరండి.

పనిలో ఉన్నవారికి

ఈ మందులు నిద్ర మత్తు తెస్తాయి, ముఖ్యముగా మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు. క్రేను నడిపే సహోదరులు, లారీ డ్రైవర్లు, ఎత్తు మీద పని చేసేవారు డాక్టరుకు తమ పని ఏమిటో చెప్పండి. షిఫ్టు డ్యూటీ వారికి ఇంకొక చిక్కు ఉన్నది. సి షిఫ్టులో ఉన్నవారి "రాత్రి మాత్ర" ఏ వేళ వేసుకోవలెను? రాత్రి అంటే గడియారము రాత్రా, నిద్రపోయే వేళా? మీ షిఫ్టుల కాగితము డాక్టరుకు చూపించి అడగండి. సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు.

కల్లు, సారా, బ్రాందీ వీటితో కలిస్తే మత్తు రెట్టింపై ఊపిరికే ముప్పు రావచ్చును. అంతేగాక మద్యము తానే నరములను తినివేయును. మంటకు మందు వేసుకొంటూ మంటను పెంచేది త్రాగడము ఎక్కడి న్యాయము?

శ్రీకాకుళము వైపు పాఠకులకు ప్రత్యేకముగా ఒక మాట. ఉద్దానములో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురము ప్రాంతములలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబములను ఏడ్పించినదో మీకే తెలుసు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ శరీరము నుండి కిడ్నీల ద్వారానే బయటికి పోవును. కిడ్నీలు బలహీనమైతే మందు లోపలనే నిలిచిపోయి మనిషిని మగతలో పడవేయును. అట్టివారికి మోతాదు తగ్గించి ఇవ్వవలెను. పొరుగింటి వారి మాత్ర అరువు తెచ్చుకొని వేసుకోవద్దు. రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించిన కాగితము డాక్టరుకు చూపించండి.

పళ్ళెములో ఏముండవలెను?

మాత్ర మంటను తగ్గించును గాని నరమును బాగుచేయదు. నరము మరింత చెడకుండా కాపాడేది షుగరును అదుపులో ఉంచడమే. అన్నము గుట్టగా పెట్టుకొని కూర నంజుకొనే అలవాటు తిరగబడవలెను. కూర, పప్పు, చేప ఎక్కువ, అన్నము తక్కువ. చోడి అంబలి మంచిదే, కాని మంచిదని చెంబుల కొద్దీ త్రాగితే అదీ షుగరే. ప్రీగాబాలిన్ వేసుకొనేవారిలో కొందరికి ఒళ్ళు పెరుగును, పాదములు వాచును. నెలకొకసారి బరువు చూసుకొనండి.

షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏండ్ల తరబడి వాడేవారికి బి12 అనే విటమిను తగ్గవచ్చును. అది తగ్గినా కాళ్ళు తిమ్మిరులెక్కును, మంటపుట్టును. చేపలు, గ్రుడ్లు, పాలు, మాంసములో అది ఉన్నది. మాంసము ముట్టనివారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. "నరముల బలానికి" అని ఎవరికి వారు మాత్రలు కొనుక్కొనుటకంటె, ఒకసారి బి12 పరీక్ష చేయించమని డాక్టరును అడుగుట మేలు.

నొప్పి తగ్గినా పాదము చూసుకొనండి

1914లో తమిళనాడులో మిషనరీ దంపతులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల మధ్య పని చేశారు. వారి వ్రేళ్ళు జబ్బువలన వాటంతట అవే కుళ్ళి రాలుట లేదనియు, నొప్పి తెలియకపోవుటచేత దెబ్బల మీద దెబ్బలు తగిలి పాడగుచున్నవనియు ఆయన లోకానికి చూపించారు. షుగరువలన మొద్దుబారిన పాదమునకు ఇదే వర్తించును. మన సంఘములలో చెప్పులు గుమ్మము బయట విడుస్తాము. మే నెల మధ్యాహ్నము ఆ సిమెంటు గచ్చు కాలుతున్నా తెలియని పాదములు మన మధ్య ఉన్నాయి. ఇంటికి వెళ్ళి చూచుకొంటే బొబ్బలు. మా సంఘములో ఇప్పుడు గుమ్మము వరకు గోనె పట్టా పరిచి, నీళ్ళు చల్లుతున్నాము. షుగరు ఉన్నవారు చెప్పులతో లోపలికి రావచ్చునని కూడా ప్రకటించాము. మొదట కొందరు పెద్దలు ముఖము చిట్లించారు. తరువాత వారిలో ఒకరే చెప్పులతో వచ్చారు.

ఉపవాసము గూర్చి

ఉపవాసము వద్దని మేము చెప్పుట లేదు. మేమూ ఉంటున్నాము. అయితే ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు, దేవదూత మొదట ఆయనను తిననిచ్చి, నిద్రపోనిచ్చిన సంగతి మనమెరుగుదుము. హిజ్కియా కొరకు ప్రార్థన ఆలకింపబడిన తరువాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టించాడు. పౌలు తిమోతి కడుపు జబ్బును గూర్చి పత్రికలో వ్రాయుటకు సిగ్గుపడలేదు. ప్రార్థన ఒక ప్రక్క, మందు ఒక ప్రక్క నిలిచి పోట్లాడుకొనలేదు.

ఈ మధ్య మా సంఘములో ఉపవాస దినములు ప్రకటించేటప్పుడు మూడు మాటలు కలుపుతున్నాము. షుగరు మందు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసము ఉండవద్దు. నరముల మాత్ర, బి.పి. మాత్ర, ఫిట్సు మాత్ర ఉపవాసములో కూడా వేళకు గుక్కెడు నీళ్ళతో వేసుకొనండి, దానివలన ఉపవాసము భంగము కాదు. ఉపవాసము ఉండలేనివారు ఆ పూట భోజనము ఖర్చు తీసి ఒక బీద రోగి మందుల కొరకు ఇవ్వండి. ఈ మూడవదానికి మేము ఊహించినదానికంటె ఎక్కువమంది ముందుకు వచ్చారు.

ఆ తల్లి ఇప్పుడు బాగున్నది. మేము వారి ఇంటికి వెళ్ళి, భర్త ఎదుట, పిల్లల ఎదుట, "అమ్మా, ఆ రోజు తెలియక మెచ్చుకొన్నాము, క్షమించండి" అన్నాము. ఆమె నొచ్చుకొని, "ఊరుకోండయ్యగారూ, పెద్ద మాటలు" అని లేచి లోపలికి పోయింది. కాఫీ తెస్తుందనుకొన్నాము. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఇంకొక చేతిలో మాత్రల డబ్బా పట్టుకొని వచ్చి, "ఏడున్నరయిందండి, నా మాత్ర ఏళ. ఏసుకొని కూర్చుంటాను, అప్పుడు ప్రార్థన చేద్దురుగాని" అన్నది.

మేము ఆగాము. ఆమె మాత్ర మింగి, గ్లాసు క్రింద పెట్టి, చెంగు తలమీద కప్పుకొన్నది. అప్పుడు ప్రార్థించాము.

ఈ సంచిక చదివిన తరువాత మీ ఇంటిలోని పెద్దవారి మందుల డబ్బా ఒకసారి తెరచి చూడండి. ఏది ముద్దతో, ఏది ముద్ద లేకున్నా అని డాక్టరునడిగి, డబ్బా మూత మీద పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టండి. చూపు ఆననివారికి మీరే ఆ వేళకు అందించండి.

వచ్చే నెల మరల కలుసుకొందము.